ముందే రాసిన శుక్రవారం

పోయిన వారం మనం వదిలిపెట్టేసరికి మూడో తరగతి టీచర్ ఆస్పత్రి వరండాలో నిలబడి ఉంది. లోపలికి వెళ్ళే ధైర్యం చాలక, గాజు తలుపులోంచి ఒక్కసారి తొంగి చూసి వెనక్కి తిరిగింది. లోపల మంచం మీద ఉన్నది ఆమె క్లాసు పిల్లే. ఎనిమిదేళ్ళది. ఒక్కచోట నిలవదు గనక క్లాసంతా ‘ఉడత’ అని పిలుస్తారు. పది రోజుల కిందట, శుక్రవారం, భోజనం బెల్లు కొట్టిన పావుగంటకి బడి ప్రహరీ గోడ మీంచి కుళాయిల దగ్గర సిమెంటు గట్టు మీద పడింది. తలకి దెబ్బ తగిలింది. కళ్ళు తెరిచింది కానీ ఎవరినీ పోల్చుకోవడం లేదు, నోట మాట లేదు. పడ్డప్పుడు దాని గుప్పిట్లో ఆటల పెట్టెలోని తాడు ఉంది. గోడెక్కి తాడాట ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. భోజనాల వేళ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాల్సిన టీచర్ ఆ సమయానికి క్లాసులో లేదు. త్వరలో తనిఖీ ఉందని, వరండా బోర్డుల మీద బడి నియమాలు రాయమని హెడ్మాస్టారే ఆమెని పిలిపించారు. ఆమె చేతిరాత ముత్యాల్లా ఉంటుందని బడంతా చెప్పుకుంటారు. ఆ చేతిరాతే పీకల మీదికి తెచ్చింది.

సోమవారం పొద్దున గదిలోకి అడుగుపెట్టిన టీచర్‌కి గది సగం ఖాళీ అయినట్టు అనిపించింది. నిజానికి లేనిది ఒక్క పిల్లే. తక్కిన నలభై మందీ ఉన్నారు. మామూలు రోజుల్లో అయితే వీళ్ళని కూర్చోబెట్టేసరికి ఆమె గొంతు బొంగురుపోయేది. ఒకడు పెన్సిలు విరిగిందంటాడు, ఒకతె బెంచీ మీద జాగా లేదంటుంది, ఇంకొకడికి అప్పుడే దాహం వేస్తుంది. పది రోజులుగా ఎవరికీ దాహం వేయడం లేదు. చేతులు కట్టుకుని బొమ్మల్లా కూర్చుంటున్నారు. చిన్నపిల్లలు అంత బుద్ధిగా కూర్చున్నారంటే ఆ గదిలో ఏదో ఘోరం జరిగిందనే లెక్క.

ఆమె హాజరు పట్టీ తీసి నంబర్లు పిలవడం మొదలుపెట్టింది. ఇరవై రెండు తర్వాత ఒక్క క్షణం ఆగి, ఇరవై నాలుగు అంది.

మూడో బెంచీలోంచి ఒక పిల్ల లేచి నిలబడింది. రెండు జడలు, ముక్కు మీదికి జారే కళ్ళజోడు, నడుం మీద చెయ్యి. మాట తీరు చూసి పిల్లలు దానికి ‘బామ్మ’ అని పేరు పెట్టారు. ఉడత పక్క సీటు దానిదే.

“టీచర్, ఇరవై మూడు వదిలేశారు.”

“వదల్లేదమ్మా. రాలేదు కదా.”

“రాకపోతే రాలేదని రాస్తారు గదా టీచర్. అసలు పిలవకపోతే ఎలా?”

మామూలుగా అయితే క్లాసంతా ఘొల్లున నవ్వేది. ఎవరూ నవ్వలేదు. టీచర్ ఇరవై మూడు అని పిలిచింది. పట్టీలో గుర్తు పెట్టి, బోర్డు వైపు తిరిగి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

సోమవారం కొత్త మాటలు, మంగళవారం ఎక్కాలు, బుధవారం బొమ్మలు, గురువారం చదవడం, శుక్రవారం చేతులతో చేసే లెక్కలు. ఆ క్లాసు వారం అలా సాగుతుంది. శుక్రవారం సాయంత్రం ప్రతి పిల్ల సంచీలోనూ ఒక కాగితం ఇంటికి వెళ్తుంది. దాన్ని వారం కాగితం అంటారు. పై సగంలో ఏ రోజు ఏం నేర్చుకున్నారో గళ్ళు గీసి ఉంటుంది. అది అందరికీ ఒకటే, జిరాక్స్ తీస్తారు. కింది సగంలో ఆ పిల్ల గురించి టీచర్ తన చేత్తో రెండు వాక్యాలు రాయాలి. చూసినట్టు తల్లో తండ్రో డైరీలో సంతకం పెట్టాలి.

నలభై ఒక్క మందికి రెండేసి వాక్యాలంటే మాటలు కాదు. పాఠాలు చెబుతూ శుక్రవారం అవన్నీ రాయడం ఎవరి తరమూ కాదు. అందుకని బళ్ళో టీచర్లందరూ గురువారం సాయంత్రమే రాసేస్తారు. శుక్రవారం గడి కూడా అప్పుడే నింపేస్తారు. రేపటి పాఠం ఏదో తెలుసు, ఏ పిల్ల ఎలా చేస్తుందో తెలుసు, ఇక ఆగడం ఎందుకు? ఎవరూ దాన్ని అబద్ధం అనుకోలేదు. మన టీచర్ ఆరేళ్ళుగా వంటింటి బల్ల దగ్గర, పక్కన అత్తగారు కూరలు తరుగుతుంటే, కూర్చుని రాసేది. “ఇంకా ఎంతమందే?” అని ఆవిడ అడిగితే “ఇంకో పదిహేను మంది అత్తయ్యా” అనేది. ఆ గురువారం శుక్రవారం గడిలో ఇలా రాసింది: ‘ఆఖరి పీరియడ్‌లో ప్రహరీ గోడ ఎత్తును తాడుతో కొలిచాం.’

ఆ పాఠం జరగనే లేదు.

రెండో పీరియడ్ అవగానే హెడ్మాస్టారు కబురంపారు. ఆయన చెడ్డవాడు కాదు. అది ముందే చెప్పడం మంచిది, లేకపోతే ఆయన్ని తిట్టుకుని మనం చేతులు దులుపుకుంటాం. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి, ఇంకో పద్నాలుగు నెలల్లో రిటైరవబోతున్న మనిషి. పది రోజుల్లో ఆయన చెంపలు లోపలికి పోయాయి.

“కూర్చోమ్మా. ఏమన్నా తిన్నావా?” అన్నారు. ఆమె తల ఊపింది. తినలేదు.

“రేపు పదింటికి పై ఆఫీసు నుంచి విచారణకి వస్తున్నారు.” ఆయన ఫైల్లోంచి ఆ శుక్రవారం కాగితం తీసి బల్ల మీద పెట్టారు. ఆఫీసులో ఉంచే కాపీ అది. “ఇది కనిపించాక నాకు ప్రాణం లేచొచ్చింది. నువ్వు పిల్లల్ని గోడ దగ్గరికి తీసుకెళ్ళావు. పాఠం చెప్పావు. అందర్నీ లోపలికి తీసుకొచ్చావు. ఆ పిల్ల ఒక్కతే చెప్పా పెట్టకుండా మళ్ళీ వెనక్కి వెళ్ళింది. ఇందులో ఎవరి తప్పూ లేదు.”

“ఆ పిల్ల తప్పే అవుతుంది కదా సార్, ఇలా చెబితే.”

“దానికిప్పుడు ఏం తెలుస్తుందమ్మా...” అని, ఆ మాట తన నోటివెంట వచ్చినందుకు ఆయనే తల దించుకున్నారు. ఒక ఖాళీ ఫారం ఆమె వైపు జరిపారు. “ఒక్కటే చిక్కు. ఆఖరి పీరియడ్ అని రాశావు. పిల్ల పడింది భోజనాల వేళ. ఆ ఒక్క ముక్కా మార్చి ఇంకో కాపీ రాసివ్వు.”

“ఇళ్ళకి వెళ్ళిన కాగితాలో?”

“అవెవరు దాస్తారమ్మా? మర్నాటికి పొట్లాలు కట్టేస్తారు. చూడు, నిన్ను పిలిచింది నేనని చెబితే నా బతుకు బజార్న పడుతుంది. క్లాసు వదిలి వెళ్ళింది నువ్వని చెబితే నీ ఉద్యోగం పోతుంది. ఆరేళ్ళు తాత్కాలికమని నెట్టుకొచ్చావు. ఈ నెలాఖరుకి నీ పర్మినెంటు ఆర్డరు. నేనే రాసి పంపాను. ఇద్దరం మునిగితే ఆ పిల్లకేమన్నా నయమవుతుందా?”

ఆమె ఫారం తీసుకుంది. సరేనని అనలేదు, కాదనీ అనలేదు. తీసుకుందంటే ఒప్పుకున్నట్టే అని ఆయన అనుకున్నారు. ఆమె కూడా ఇంచుమించు అలాగే అనుకుంది.

భోజనం బెల్లు కొట్టాక పిల్లలంతా ముందు వైపు వరండాలోకి వెళ్ళారు. కుళాయిల వైపు ఇప్పుడు ఎవరినీ వెళ్ళనివ్వడం లేదు. గదిలో బామ్మ ఒక్కతే మిగిలింది. మూత తీసిన డబ్బా ముందు పెట్టుకుని, తినకుండా కెలుకుతోంది. టీచర్ బల్ల దగ్గర కూర్చుని ఖాళీ ఫారం ముందేసుకుంది. సోమవారం గడి నింపింది. మంగళవారం నింపింది. ఆ అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా, అందంగా పడుతున్నాయి. ఆ అందం చూస్తే ఆమెకి ఒళ్ళు మండిపోయింది. గురువారం గడి పూర్తి చేసి శుక్రవారం దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలో నీడ పడింది.

ఉడత తల్లి. కుట్టుపని చేస్తుంది. క్లాసులో సగం మంది యూనిఫారాలు ఆమె మిషను మీంచి వచ్చినవే. ఆస్పత్రి నుంచే వచ్చింది కాబోలు, చీర నలిగి ఉంది. మెడలో కొలతల టేపు మాత్రం వేలాడుతూనే ఉంది. పని మానేసి పది రోజులైనా పొద్దున్నే చెయ్యి దాన్ని తీసి మెడలో వేసేస్తున్నట్టుంది.

టీచర్ చటుక్కున లేచింది. ఫారం మీద పుస్తకం పెట్టింది. “రండమ్మా... పాపకి ఎలా ఉంది?”

“అలాగే ఉంది.” ఆమె గదంతా చూసింది. “మా పిల్ల ఎక్కడ కూర్చుంటుంది?”

బామ్మ డబ్బా పట్టుకుని పక్కకి జరిగింది. తల్లి ఆ చిన్న బెంచీ మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఒళ్ళో పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు విప్పింది. అందులో వారం కాగితాలున్నాయి. ఒక్కటి నలగలేదు, ఒక్కటి చిరగలేదు. మూడో తరగతి మొదలైన దగ్గర్నుంచి ముప్పై ఒకటి.

అవెవరు దాస్తారమ్మా అన్న హెడ్మాస్టారి మాట టీచర్‌కి గుర్తొచ్చింది.

“ఆస్పత్రిలో కూర్చుని ఇవన్నీ మళ్ళీ చదివాను టీచర్ గారూ. ఈ ఆఖరిది దాని సంచీలో దొరికింది.” ఆమె చదవడం నేర్చుకుంటున్న పిల్లలా వేలు పెట్టి చదివింది. “‘గోడ ఎత్తు కొలిచేటప్పుడు అందరికంటే హుషారుగా ఉంది. కొలత సరిగ్గా చెప్పింది.’ ఆఖరి పీరియడ్ ఎన్నింటికండీ?”

“మూడింటికి.”

“మూడింటికి మా పిల్లకి జుట్టు తీసేసి స్కానింగుకి తోసుకెళ్ళారు. నేను బయట దాని చెప్పులు పట్టుకుని నిలబడ్డాను. మరి మూడింటికి ఇక్కడ హుషారుగా గోడ కొలిచిన పిల్ల ఎవరు?”

టీచర్ నోట్లో వంద మాటలు మెదిలాయి. జిరాక్స్ పొరపాటు అనొచ్చు. వేరే పిల్ల కాగితం మారిందనొచ్చు. పాఠం ముందుకు జరిపామనొచ్చు, అది హెడ్మాస్టారు నేర్పిందే. కానీ ఎదురుగా ఉన్న మనిషి గొంతులో కోపం లేదు. ఉన్నట్టయితే ఎదురు తిరగడానికి వీలుండేది. ఆమె నిజంగా తెలుసుకోవాలనే అడుగుతోంది.

“ఎవరూ లేరమ్మా,” అంది టీచర్. “ఆ పాఠం జరగలేదు. గురువారం సాయంత్రమే రాసేశాను. ప్రతి వారం అలాగే రాస్తాం.”

“అంటే చూడకుండా రాశారు.”

“చూడకుండానే రాశాను.”

ఆమె ఇంకో కాగితం తీసింది. “మరి ఇదో? ‘ఈ వారం భయం పోయింది, క్లాసు ముందు నిలబడి గట్టిగా పద్యం చెప్పింది.’ వాళ్ళ నాన్న లారీ మీద ఎక్కడో ఉంటే ఫోను చేసి ఇది చదివి వినిపించాను. ఆ మనిషి లారీ పక్కకి ఆపి మళ్ళీ చదవమన్నాడు. ఇది జరిగిందా?”

“జరిగింది. ఒట్టు, అది జరిగింది. నేను విన్నాను.”

“నేనెలా నమ్మేది?”

బయట వరండాలో డబ్బాల చప్పుడు వినిపిస్తోంది.

“మళ్ళీ మాట్లాడుతుందో లేదో చెప్పలేం అంటున్నారండీ,” అంది తల్లి. “మాట్లాడకపోతే, దాని చదువు గురించి నాకు మిగిలేవి ఈ కాగితాలే. నేను మిషను మీద కూర్చుంటే బళ్ళో అది ఏం చేస్తోందో మీరు చెబితేనే నాకు తెలిసింది. మా పనిలో కొలవకుండా కత్తెర పెట్టం. మీ పనిలో ఎలాగో నాకు తెలీదు. ఇందులో మీరు చూసి రాసినవేవో, చూడకుండా రాసినవేవో గుర్తు పెట్టి ఇవ్వండి. అంతే, ఇంకేం అడగను.”

తిట్టి ఉంటే, జుట్టు పట్టుకుని ఉంటే టీచర్‌కి ఇంతకంటే తేలికగా ఉండేది. ఆమె పెన్ను తీసుకుని పిల్లల బెంచీకి ఎదురుగా నేల మీదే కూర్చుంది. ఒక్కో కాగితం తీసి చదివింది. శుక్రవారం గడులన్నీ వరసగా కొట్టేసింది. కింది వాక్యాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. ‘ఏడో ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పింది’, చూసింది. ‘పక్క పిల్లకి రబ్బరు సగం విరిచి ఇచ్చింది’, చూసింది, ఆ రబ్బరు ఇంకా బామ్మ దగ్గరే ఉంది. ‘అందరితో కలిసిమెలిసి ఉంటోంది’, ఇది ఏమీ తోచనప్పుడు ఎవరికైనా రాసే మాట. కొట్టేసింది. అలా కింది వాక్యాలు కొట్టేసిన కాగితాలు లెక్కపెడితే పన్నెండు తేలాయి. ముప్పై ఒక్క వారాల్లో పన్నెండు వారాలు ఆ పిల్లని ఆమె సరిగ్గా చూడలేదు. పిల్లలు నలభై ఒక్క మంది, నిజమే. ఆ సంగతి ఈ తల్లికి చెప్పి ఏం లాభం?

ఆఖరి కాగితం మీద ‘ఇది గురువారం రాసింది. ఈ పాఠం జరగలేదు. నేను ఆ సమయంలో క్లాసులో లేను’ అని రాసి, కింద సంతకం పెట్టి, తేదీ వేసింది.

తల్లి అది రెండుసార్లు చదివింది. “రేపు ఎవరో వస్తారటగా. వాళ్ళ ముందు కూడా ఇదే చెబుతారా?”

“చెబుతాను,” అంది టీచర్. అన్నాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఉద్యోగం పోతుంది. పోనీ. ఇంటికెళ్ళి అత్తగారికి ఎలా చెప్పాలో అప్పుడే ఆలోచించడం మొదలుపెట్టింది.

అంతలో బామ్మ మెల్లిగా అంది. “దానికి తెలుసు టీచర్.”

ఇద్దరూ అటు తిరిగారు. ఆ పిల్ల డబ్బా మూత గట్టిగా బిగిస్తోంది, విప్పుతోంది, మళ్ళీ బిగిస్తోంది.

“ఏం తెలుసమ్మా?”

“ఆ రోజు కాగితాలు పొద్దున్నే ఇచ్చేశారు కదా, మధ్యాహ్నం మీకు బోర్డుల పని ఉందని. చదవకుండా సంచీలో పెట్టుకోమన్నారు. అందరం చదివేశాం. దాని కాగితంలో కొలత సరిగ్గా చెప్పిందని ఉంది. తర్వాత మీరొచ్చి, ఇవాళ కొలతలు లేవు, ఎక్కాలు రాసుకోండి అన్నారు.” బామ్మ ముక్కు మీంచి కళ్ళజోడు పైకి తోసుకుంది. “అది అన్నం తినలేదు టీచర్. కొలవకుండా కొలిచానని ఉంటే అమ్మ చూసి సంతకం పెట్టేస్తుంది, మా అమ్మకి అబద్ధం చెప్పినట్టు అవుతుంది, టీచర్ కూడా అబద్ధం రాసినట్టు అవుతుంది అంది. బడి వదిలేలోపు కొలిచేస్తే అన్నీ సరిపోతాయి గదా అంది.”

ఉడత తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“అందుకని గోడెక్కిందా?” అంది టీచర్.

“పైకొస అది పట్టుకుంది. కిందికొస నేను పట్టుకున్నాను.”

“నువ్వా?”

“తాడు వదులుగా ఉంటే కొలత తప్పొస్తుందని మీరే చెప్పారు టీచర్. బిగించి పట్టుకోవాలన్నారు.” పిల్ల కింది పెదవి అదిరింది. “నేను బిగించాను. గట్టిగా లాగాను. అది వచ్చేసింది.”

ఇంత చిన్న ప్రాణి పది రోజులుగా దీన్ని కడుపులో పెట్టుకుని బడికి వస్తోంది, హాజరు పలుకుతోంది, ఇరవై మూడో నంబరు వదిలేశారని గుర్తు చేస్తోంది. టీచర్‌కి దుఃఖం పొంగుకొచ్చింది. ఉడత తల్లి చెయ్యి చాచింది. దగ్గరికి తీసుకోవడానికో కొట్టడానికో ఆమెకే తెలియనట్టు ఆ చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

“ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా తల్లీ?”

గుమ్మంలో హెడ్మాస్టారు. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో తెలియదు. ఆయన మొహంలో పది రోజులుగా లేని తేట కనిపించింది.

“లేదు సార్,” అంది బామ్మ, లేచి నిలబడి.

“మంచి పిల్లవి. భయపడకు, నిన్నెవరూ ఏమనరు. నా గదిలోకి రా. ఇప్పుడు చెప్పిందే, తాడు నేను లాగాను అని, ఒక కాగితం మీద రాసిద్దువుగాని. అది చాలు.” తర్వాత టీచర్ వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నారు. “నీ కాగితంతో ఇక పని లేదమ్మా. నువ్వేం మార్చక్కర్లేదు, ఏం చెప్పక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు.”

ఊరికే ఉంటే చాలు. బోర్డులు రాయించిన పెద్దమనిషి బయటపడతాడు, ముందే రాసిన టీచర్ బయటపడుతుంది. రేపు పదింటికి ఎనిమిదేళ్ళ పిల్ల ఒక్కతే దోషి అవుతుంది.

బామ్మ డబ్బా బెంచీ కింద సర్దింది. జడలు వెనక్కి వేసుకుని గుమ్మం దాకా నడిచింది. అక్కడ ఆగి, ఏ ప్రశ్నకైనా జవాబు అడిగే అలవాటు కొద్దీ, వెనక్కి తిరిగింది.

“టీచర్, నేనేం రాయాలి?”

టీచర్ నోరు తెరిచింది. మాట వచ్చేలోపే హెడ్మాస్టారు వంగి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నారు.

“నేను చెబుతాగా తల్లీ, పద.”